గర్భిణీరక్షణమునందు సూక్ష్మజీవ పరీక్ష

(మన సంఘ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసపు పాఠము)



కార్యదర్శిగారు నన్ను విద్యాభివృద్ధి గూర్చి మాటలాడుమనిరి. ఆ విషయమున నేనును, నాకంటె సమర్థులును వెనుకటి సభలలో చాల చెప్పియున్నాము. ఈ యేడు వారి యనుమతి గైకొని మఱియొక విషయము నెత్తుకొనుచున్నాను. నెలలు నిండకుండ గలుగు ప్రసవములకును, కంటికి గానరాని సూక్ష్మజీవులకును గల సంబంధమేమి? పరీక్షాశాలయందు ఆ జీవులను ఎట్లు పట్టుకొందురు? వారు "ఉన్నది" యని వ్రాసినపుడును, "లేదు" అని వ్రాసినపుడును మనమేమి గ్రహింపవలెను? సంస్కృతము చెప్పుకొని బ్రదికినవానికి ఈ వైద్యవిషయ మేల యని కొందఱికి దోపవచ్చును. నేను వైద్యుడను గాను, మందు చెప్పబోను. కాని ఉన్నది, లేదు అను రెండు మాటల విచారణయందే మన శాస్త్రకారులు అనేక శతాబ్దములు గడపిరి. ఆ విచారణ మనకు ఆసుపత్రి కాగితము చదువుటకు గూడ నక్కఱకు వచ్చునని నా నమ్మకము.

ఇది నిండుసభలో చెప్పదగిన విషయమా యని ముందు వరుసలోని యొకరిద్దఱు పెద్దలు నన్నడిగిరి. చెప్పకుండుటవలననే ఇంతవఱకు వచ్చినదని వారితో మనవిచేసితిని.

మన యిండ్లలో నెలలు నిండని బిడ్డ పుట్టి పోయినపుడు కారణముకంటె ముందు అపరాధిని వెదకుదురు. గ్రహణమునాడు కోడలు బయట దిరిగినదందురు, నీళ్లబిందె యెత్తినదందురు, జాతకమున దోషమున్నదందురు. శాంతులు చేయింతురు. రెండవమారును అట్లే జరిగినచో ఆ పిల్లను పుట్టింట దిగవిడిచి మరల పిలుచుకొనిరాని సంసారములు మనలో లేవని యెవరైన చెప్పగలరా? నేను మాత్రము చెప్పలేను. ఆ పిల్ల మూత్రమును ఒకనాడైన పరీక్ష చేయించితిరా యని యడిగినచో సమాధానముండదు.

లెక్కలు కొంచెము వినుడు. ముప్పదియేడు వారములు నిండకమునుపు జరిగిన ప్రసవమును అకాలప్రసవ మందురు. ప్రపంచారోగ్యసంస్థ ప్రకటించిన యంచనాప్రకారము 2020లో లోకమున 1 కోటి 34 లక్షల శిశువులట్లు పుట్టిరి. అనగా సుమారు పదిమందికి నొకరు. అందు మన దేశమునందు బుట్టినవారే సుమారు 30 లక్షలు. ఐదేండ్లలోపు పిల్లల మరణకారణములలో మొదటిది అకాలజననమువలన గలుగు నుపద్రవములే. 2019లో సుమారు 9 లక్షలమంది పసివాండ్రు దానివలన గతించిరి.

ఇక్కడ మనలో నొక నానుడి యడ్డు వచ్చును. ఏడవనెల బిడ్డ బ్రదుకును గాని, ఎనిమిదవనెల బిడ్డ బ్రదుకదని మన ముసలమ్మలందురు. దీనికి ఆయుర్వేదమున మూలము గలదు. ఎనిమిదవ నెలయందు ఓజస్సు తల్లినుండి బిడ్డకును, బిడ్డనుండి తల్లికిని సంచరించుచు నిలుకడ లేక యుండుననియు, అందుచే అప్పటి ప్రసవము అపాయకరమనియు చరకసంహిత చెప్పుచున్నది. ఆ గ్రంథమునందు నాకు గౌరవము గలదు. కాని నేటి యనుభవము దీనిని సమర్థింపదు. గర్భమున గడపిన ప్రతి వారమును బిడ్డకు బలమే. ఎనిమిదవ నెలలో బుట్టిన శిశువునకు ఏడవ నెల శిశువుకంటె బ్రదుకు నవకాశ మెక్కువ. ఎనిమిదవనెల బిడ్డ యెట్లును దక్కదని చేతులు ముడుచుకొని కూర్చుండుట ఘోరము.

అకాలప్రసవమునకు కారణము లనేకములు. కవలలు, రక్తపుపోటు, మధుమేహము, గర్భాశయముఖము పొట్టిదగుట మున్నగునవి గలవు. కొన్నింట కారణము తెలియనే తెలియదు. వీనిలో గర్భాశయమునకు సూక్ష్మజీవులవలన సోకు వ్యాధి యొకటి. అకాలప్రసవములలో నూటికి 25 మొదలు 40 వఱకు దీనివలన గావచ్చునని పరిశోధకుల యంచనా. ఆ జీవులు పెక్కుమార్లు యోనిమార్గమున క్రిందినుండి పైకి ప్రాకును. కొన్ని రక్తముద్వారా మాయకు జేరును. వాని పైపొరలోని పదార్థములను తల్లి శరీరములోని కావలికణములు గుర్తించి ఉత్తేజితము లగును. అప్పుడు పుట్టు రసాయనములవలన ప్రోస్టాగ్లాండిను లను పదార్థములు పెరిగి గర్భాశయము సంకోచించును; ఉమ్మనీటి సంచి పొరలు పలుచనై చిట్లును. చూడుడు, శత్రువును దఱుముటకు శరీరము చేసిన యుద్ధమే బిడ్డను అకాలమున బయటికి ద్రోయుచున్నది.

పూర్వచరిత్ర నెక్కువ చెప్పను. వియన్నా నగరమున 1847లో సెమ్మెల్వైసు అను వైద్యుడు ప్రసూతిగృహములోని వైద్యులచే సున్నపుక్లోరిను నీట చేతులు కడిగించి బాలింతల మరణములు తగ్గించెను. కారణజీవి నాతడు చూపలేకపోయెను, తోడివారు నమ్మరైరి. 1879లో పారిసునందలి వైద్యపరిషత్తులో నొకరు బాలింతజ్వరమునకు వేఱు కారణము జెప్పుచుండగా పాస్టరు లేచి, మాట కడ్డుపడి, నల్లబల్లమీద పూసలదండవలె నొక జీవిని గీసి చూపెనట. దానినే మనము నేడు స్ట్రెప్టోకాకస్ అనుచున్నాము. నల్లబల్లతో జీవితము గడపినవాడను గాన నాకీ కథ మిక్కిలి ప్రీతి.

ఇక అసలు విషయము. నాయొద్ద రఘువంశము చదివిన బాలిక యొకతె నేడు వైద్యకళాశాలయందు సూక్ష్మజీవశాస్త్రము బోధించుచున్నది. ఆమె పిలువగా బోయి యొక దినమంతయు ఆమె పరీక్షాశాలలో గూర్చుంటిని. అక్కడ చూచిన వానిలో మిగుల సామాన్యమైనదియు, మనకు మిగుల నుపయోగపడునదియు మూత్రపరీక్ష. గర్భిణులలో నూటికి ఇద్దఱు మొదలు పదిమంది వఱకు మూత్రమున సూక్ష్మజీవులుండియు ఏ బాధయు నెఱుగకుందురు. మంటలేదు, జ్వరములేదు. ఉపేక్షించినచో వీరిలో నూటికి ఇరువది ముప్పదిమందికి ఆ జీవులు మూత్రపిండముల కెక్కి చలిజ్వరము తెచ్చును. అట్టి జ్వరము నెలలు నిండని ప్రసవమునకు దారి తీయగలదు. బాధయున్న వారి సంగతి మనకు దెలిసినదే. "వేడి చేసినది" అని బార్లీనీళ్లు, సబ్జాగింజలు, కొబ్బరినీళ్లు. త్రాగవచ్చును, దోషములేదు, కాని మూత్రపుసంచిలో జేరిన జీవులు చలువకు బెదరి పోవునవి గావు.

పరీక్ష యిట్లుండును. గాజుపాత్రలో అగరు అను సముద్రపునాచు జిగురుతో జేసిన యాహారమును పోసి గడ్డకట్టింతురు. చివర చిన్న యుంగరమున్న తీగ నొకదానిని మూత్రమున ముంచి ఆ గడ్డపై గీయుదురు. ఆ యుంగరమున పట్టునది మిల్లీలీటరులో వేయవ వంతు. పాత్రను మన యొడలి వేడిమి గల పెట్టెలో ఒక రాత్రి యుంచుదురు. ఒంటరి జీవి కంటికి గానరాదుగాని, రాత్రికి రాత్రి కోట్లుగా బెరిగి యొక చుక్కవలె గుంపుగట్టును. తెల్లవాఱి చుక్కలు లెక్కింపవలెను. నూఱు చుక్కలున్నచో మిల్లీలీటరునకు లక్ష జీవులని లెక్క. బోస్టను వైద్యుడు ఎడ్వర్డు కాస్ 1950ల దశకమున ఈ లక్ష యను హద్దును నిర్ణయించెను. మూత్రము పట్టునపుడు చర్మమునుండి కలిసిన జీవులు కొలదిగా నుండును. లోపల నివాసమేర్పఱచుకొన్నవి లక్షకు మించును. ఈ రెంటిని వేఱు చేయుటకే ఆ హద్దు. ఆనాడు నాకు చూపిన పాత్రలో గులాబివన్నె చుక్కలు చిక్కగా మొలచియుండెను. అవి ఎషెరీషియా కోలై యనునవి. మన ప్రేగులలో నుండునవియే, చోటు తప్పినందున శత్రువులైనవి. మఱియొక పాత్రలో మందులు పూసిన చిన్న కాగితపుబిళ్లల నుంచి, ఏ బిళ్లచుట్టు జీవులు మొలవక శుభ్రమైన వలయ మేర్పడినదో చూచి, ఆ మందు పనిచేయునని నిర్ణయించుచుండిరి. మందులదుకాణమున నడిగి తెచ్చుకొన్న బిళ్లకును, ఈ వలయము చూచి వైద్యుడు వ్రాసిన బిళ్లకును గల భేదము మీరే యూహింపుడు.

అచ్చటనే నేనొక చిక్కు గ్రహించితిని. ఒక పల్లెనుండి వచ్చిన సీసా బల్లమీద నుండెను. దానిని చూచి మా శిష్యురాలు, "మాస్టరుగారూ, ఎన్నిగంటలకు పట్టిరో వ్రాయలేదు. ఇది సగము ప్రశ్న; దీనికి పూర్తి సమాధానము నేనెట్లు చెప్పుదును?" అనెను. నేను కాగితము దీసికొని లెక్క వేసితిని. ఈ జీవులు అనుకూలస్థితిలో ఇరువది నిముషములకు రెట్టింపగును. మిల్లీలీటరునకు వేయి జీవులున్న సీసా, అనగా రోగములేని స్త్రీ సీసా, ఆ వేగమున రెండుగంటల ఇరువది నిముషములలో ఏడుమార్లు రెట్టించి 1,28,000 అగును. లక్ష దాటినది! నిలువయున్న మూత్రమున ఆ వేగము కొంత తగ్గవచ్చునుగాని, మండుటెండలో బస్సులో వచ్చిన సీసా లేని రోగమును గల్పింపగలదనుట నిశ్చయము. కావుననే రెండుగంటలలోపల పరీక్షకు జేర్పవలెను. కానిచో మంచుపెట్టెలో నుంచి తేవలెను. శుభ్రపఱచుకొని, మొదటి ధార విడిచి, నడిమి ధార పట్టవలెను. ఈ చిన్న సంగతిని గర్భిణికి చెప్పువారెవరు? సీసా చేతికిచ్చి మరుగుదొడ్డి చూపుదురు, అంతే. మూత్రములో మాంసకృత్తులు, చక్కెర చూచుట వేఱనియు, సూక్ష్మజీవులను మొలిపించి చూచుట వేఱనియు గూడ మనవారిలో చాలమందికి దెలియదు. "మూత్రపరీక్ష అయినది" అందురు, ఏ పరీక్ష? ప్రపంచారోగ్యసంస్థ 2016లో గర్భిణుల విషయమున చేసిన సూచనలలో మొలిపించు పరీక్షయే యుత్తమ మనియు, అది లేనిచోట మూత్రమునకు గ్రామ్ రంజనము చేసి సూక్ష్మదర్శినిలో చూచుట రంగుకాగితము ముంచి చూచుటకంటె మేలనియు, జీవులున్నచో ఏడుదినముల చికిత్స చేయవలెననియు చెప్పినది.

గ్రామ్ రంజన మనగా నేమి? డెన్మార్కు దేశీయుడైన గ్రామ్ 1884లో బెర్లిను నగరమున కనిపెట్టిన రంగువేయు పద్ధతి. ఊదారంగు పెట్టి, అయొడిను పోసి, మద్యసారముతో కడిగి, పిమ్మట ఎఱ్ఱరంగు వేసినచో, దళసరి గోడగల జీవులు ఊదాగ నిలుచును; పలుచని గోడగలవి ఎఱ్ఱబడును. దీనితోడనే యోనిస్రావమును గూడ పరీక్షింతురు. తల్లులు క్షమింతురుగాక, తెల్లబట్ట యను మాట గుసగుసగా మాత్రమే యనుకొనుట మన కలవాటు. ఆరోగ్యవతియైన స్త్రీయందు లాక్టోబాసిల్లస్ అను మేలుచేయు జీవులు పుష్కలముగ నుండి పులుపు పుట్టించి కీడుజీవులను చేరనీయవు. పాలను పెరుగుచేయువానికి ఇవి చుట్టములు. డోడర్లైను అను జర్మను పండితుడు 1892లోనే వీనిని వర్ణించెను. ఏ కారణముననో ఇవి క్షీణించినచో గార్డ్నెరెల్లా మున్నగునవి విజృంభించును, పులుపు తగ్గును, చేపకంపువంటి వాసన పుట్టును. 1991లో నూజెంటు మున్నగువారు దీనికి మార్కులు వేయు పద్ధతి నేర్పఱచిరి. మేలుజీవులు తగ్గినకొలది నాలుగువఱకు, కీడుజీవులు పెరిగినకొలది నాలుగువఱకు, వంపుదిరిగిన యొక జాతికి రెండువఱకు, మొత్తము పది. మూడులోపు ఆరోగ్యము, ఏడును మించినది వ్యాధి, నడుమ నున్నది సందేహము. నా జీవితమున ఎక్కువ మార్కులు వచ్చినవారిని జూచి జాలిపడవలసిన పరీక్ష ఇదొక్కటియే కనబడినది.

ఇట్లున్న స్త్రీలకు అకాలప్రసవ మగుట తక్కినవారికంటె సుమారు రెట్టింపుగా గనబడినది. ఈ "కనబడినది" యను మాటను జ్ఞాపకముంచుకొనుడు; మరల వత్తును.

ముందు "లేదు" అను మాట చూతము. అకాలప్రసవ సందర్భములలో ఉమ్మనీటియందు తఱచుగా దొరకు జీవులలో యూరియాప్లాస్మా యనునది ముఖ్యము. 1954లో షెపర్డు అను శాస్త్రజ్ఞుడు దీనిని కనుగొనెను. దీనికి గోడయే లేదు. గోడలేనిదానికి గ్రామ్ రంగు పట్టదు. గోడ కట్టుకొనకుండ జేసి చంపు పెన్సిలినువంటి మందులును దీనిని తాకవు. మామూలు గాజుపాత్రలో మొలవదు. కాని దీనికొక గుణమున్నది: యూరియాను విఱిచి అమ్మోనియాను పుట్టించును. అందుచే యూరియా కలిపి, క్షారము తగిలిన రంగుమాఱు ద్రవ్యమును జేర్చిన పసుపుపచ్చని రసములో దీనిని విడిచినచో ఆ రసము గులాబిరంగునకు దిరుగును. దొంగను ముఖము చూచి గాక, అడుగుజాడ చూచి పట్టుకొనునట్లు! ఇప్పుడు ఆలోచింపుడు. ఒకతె ఉమ్మనీటికి గ్రామ్ రంజనముమాత్రము చేసి "జీవులు లేవు" అని వ్రాసినచో, యూరియాప్లాస్మా లేదని చెప్పినట్లగునా?

మన మీమాంసకులలో భట్టమతమువారును, అద్వైతులును అనుపలబ్ధి యను నొక ప్రమాణము నంగీకరించిరి. వస్తువు గానరాకపోవుటచే అది లేదని తెలియుట. దానిని ప్రత్యేకప్రమాణముగా నొప్పని నైయాయికులును ఒక నియమమును మాత్రము ఒప్పుకొనిరి: ఆ కానరాకపోవుట యోగ్యమైనదై యుండవలెను. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనుట చెల్లదు. దీపముండి, కన్నుండి, కుండయే యున్నచో తప్పక కనబడవలసిన స్థితి యుండియు కనబడనిచో అపుడు లేదనవలెను. పరీక్షాశాల కాగితముమీద "లేదు" అని యున్నచో మన మడుగవలసిన దిదియే: ఉన్నచో కనబడెడి పరీక్షయేనా చేసినది? ముందే మందు మ్రింగిన స్త్రీ మూత్రము మొలకెత్తకపోవచ్చును. ఆ "లేదు" చీకటిగదిలోని "లేదు".

ఈ చీకటిని పోగొట్టుటకు పెద్ద దీపమొకటి వచ్చినది. 1983లో కారీ మల్లిసు అను అమెరికా శాస్త్రజ్ఞుడు జీవపదార్థములోని డి.ఎన్.ఎ. ముక్కను మాటిమాటికి రెట్టింపుచేయు పద్ధతి యూహించెను. దానినే పి.సి.ఆర్. అందురు. 1993లో ఆతనికి నోబెలు బహుమానము వచ్చినది. ఒక ముక్క ముప్పదిమార్లు రెట్టించినచో నూఱుకోట్లు దాటును. జీవి మొలవనక్కఱలేదు, దాని సంతకమున్న చాలును. మొలిపించి చూడగా ఏమియు దొరకని ఉమ్మనీటిలో గూడ ఈ పద్ధతిచే పలువురు పరిశోధకులు జీవుల జాడ కనుగొనిరి.

అయితే దీపము మఱీ పెద్దదైనచో ధూళికణములును కొండలవలె గనబడును. మాయయందు ఆరోగ్యస్థితిలోనే సూక్ష్మజీవుల కాపురమున్నదని 2014లో అమెరికానుండి యొక ప్రకటన వెలువడి సంచలనము గలిగించినది. పిమ్మట కేంబ్రిడ్జివారు 537 మంది స్త్రీల మాయలను పరీక్షించి 2019లో ప్రకటించిన దేమనగా: కనబడిన జాడలలో హెచ్చుపాలు పరీక్షకు వాడిన రసాయనములనుండియు, ప్రసవమార్గమునుండియు కలిసిన మాలిన్యమే. మాయలో కాపురమున్న జీవులు లేవు. ఒక్క స్ట్రెప్టోకాకస్ అగలాక్టియే, గ్రూపు బి అని వైద్యులు పిలుచునది, నూటికి ఐదు మాయలలో నిజముగ దొరికినది. నవజాతశిశువులకు ప్రాణాంతకమైన వ్యాధి తెచ్చునది యదియే. వారీ భేదమెట్లు కనిపెట్టిరి? ఏ మాయయు వేయని వట్టి గొట్టములకును అదే పరీక్ష చేసిరి. వట్టి గొట్టమున గూడ "ఉన్నది" అని వచ్చినచో ఆ యున్నది మాయది గాదు. ఈ వట్టిగొట్టమును పెట్టని పరీక్షాశాల యెంత ఖరీదైన యంత్రము కొన్నను నమ్మదగినది గాదని మా శిష్యురాలి మాట.

ఇక "ఉన్నది" అని రుజువైనపుడైన అదియే కారణమనవచ్చునా? ఇక్కడ తార్కికుల గాడిద యొకటి కలదు. కుండకు ముందు మన్ను, చక్రము, కుమ్మరి ఉండవలెను. మన్ను మోసికొనివచ్చిన గాడిదయు కుండకు ముందే యున్నది. అయినను గాడిద కుండకు కారణము గాదు. మన్ను బండిమీద వచ్చినను కుండ యగును. ఇట్టిదానిని అన్యథాసిద్ధమనిరి. ఆంధ్రుడైన అన్నంభట్టు తర్కసంగ్రహమును చదివిన పిల్లవానికి గూడ తెలిసిన సంగతి. అకాలప్రసవమునకు ముందు కనబడిన ప్రతి జీవియు మన్నేనా, కొన్ని గాడిదలా?

తేల్చుటకు ఉపాయము వ్యతిరేకము: దానిని తొలగించి చూచుట. చూచిరి. నూజెంటు మార్కులు హెచ్చియు బాధలేని 1,953 మంది గర్భిణులను రెండు వర్గములుగ జేసి, సగముమందికి మెట్రోనిడజోలు, సగముమందికి మందులేని బిళ్ల యిచ్చిన ఫలితము 2000లో అమెరికాలో ప్రకటింపబడినది. మందు తిన్నవారిలో నూటికి 12.2, తిననివారిలో 12.5 అకాలప్రసవములు. భేదము లేనట్లే. మఱుసటి యేడు ట్రైకోమోనాసు అను జీవియుండి బాధలేని గర్భిణులకు అదే మందిచ్చి చూడగా, మందు తిన్నవారిలో 19, తిననివారిలో 10.7! మేలు జరుగకపోగా కీడు. 2001లో ఇంగ్లండునుండి వెలువడిన పరిశోధనలో, ఉమ్మనీటిసంచి చిట్లకుండ అకాలమున నొప్పులు వచ్చినవారికి యాంటిబయాటిక్కు లిచ్చుటవలన ప్రయోజనము గనబడలేదు. ఆ పిల్లలకు ఏడేండ్లు వచ్చినపిమ్మట చూడగా మెదడు సంబంధమైన యవిటితనము మందు తీసికొన్న తల్లుల బిడ్డలలో కొంత హెచ్చుగా నుండెను. సంచి ముందే చిట్లినవారి సంగతి వేఱు. వారికి తగిన మందువలన మేలు కలిగినది. చిగుళ్లవ్యాధి గలవారిలో అకాలప్రసవములు హెచ్చని చూచి, చిగుళ్లకు చికిత్స చేసినను ప్రసవకాలము మాఱలేదని 2006లో మఱియొక పరిశోధన తేల్చినది. చిగుళ్లకు మేలే జరిగినదనుకొనుడు.

దీనినిబట్టి పరీక్షలు వ్యర్థమని యెవరైన లేచి చెప్పినచో నేనొప్పను. వ్యతిరేకమున నిలిచిన కారణములును గలవు. సవాయిరోగమును దెచ్చు జీవిని 1905లో షౌడిన్, హాఫ్మన్ అనువారు కనుగొనిరి. అది గర్భిణిలో నున్నచో గర్భస్రావము, మృతశిశుజననము, అకాలప్రసవము గలుగును; కాలమున కనిపెట్టి పెన్సిలిను సూదివేసినచో బిడ్డ దక్కును. దీనికి చుక్క రక్తము చాలును. మన సికింద్రాబాదునందే 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డు రాసు దోమ కడుపులో పరాన్నజీవిని జూచెను. ఆ మలేరియా మాయలో దాగి బిడ్డ బరువు తగ్గించి అకాలమున బుట్టించును. దానికిని రక్తపరీక్షయు, చికిత్సయు గలవు. మూత్రపు జీవుల సంగతి పైన చెప్పితిని. చికిత్సవలన మూత్రపిండముల జ్వరము తగ్గుట స్థిరపడినది. అకాలప్రసవము తగ్గునని గూడ కొన్ని పరిశోధనలు చూపుచున్నవిగాని, అంత గట్టిగ గాదు. నెలలు నిండునపుడు గ్రూపు బి జీవిని వెదకి, కాన్పునొప్పులనాడు తల్లికి సూదిమం దిచ్చి శిశువును గాపాడు పద్ధతి అమెరికాలో నున్నది. ఏ జీవికి ఏ పరీక్ష, ఎవరికి, ఏ నెలలో నను వివేకము వైద్యునిది. బాధ దాచకుండ చెప్పుటయు, సీసా సరిగ పట్టుటయు, వ్రాసిన మందు పూర్తిగ వాడుటయు, వ్రాయని మందు ముట్టకుండుటయు మనవి. అన్ని పరీక్షలును ఒకేమారు చేయింతుమని పెద్ద పట్టికతో వచ్చు వ్యాపారుల విషయమున మాత్రము, పై గాడిదను తలచుకొనుడు.

ఇక సంఘమునకు నా మనవి. ప్రతియేట మనము జరుపు వైద్యశిబిరమున పెద్దవారికి చక్కెర, రక్తపుపోటు చూచి పంపుచున్నాము. గర్భిణి యొక్కతెయు అచ్చటికి రాదు. వచ్చినను ఆమెకు చేయదగిన దేమియు మనయొద్ద లేదు. ప్రభుత్వాసుపత్రులలో ప్రతినెల 9వ తేదీన గర్భిణులకు ఉచితపరీక్ష చేయు పథకము 2016లో మొదలైనది. ఆ తేదీ యెన్ని యిండ్లలో తెలియును? సీమంతమునకు మనము చేయు వ్యయము నందఱు నెఱుగుదురు. గాజులు తొడిగించుడు, పేరంటము చేయుడు, వలదనను. కాని నెల తప్పినదని తెలిసిన తరువాత మొదటిమారు ఆసుపత్రికి పోవునాడే మూత్రమును మొలిపించు పరీక్షయు, రక్తపరీక్షయు జరుగవలెను. సీమంతమువఱకు ఆగరాదు.

పల్లెనుండి సీసా పంపుటలోని చిక్కు మీకు జెప్పితిని. కావున సీసా గాక పిల్లయే రావలెను. పట్టణమునందలి మన విద్యార్థివసతిగృహమున క్రిందిగది రెండేండ్లనుండి పాతబల్లలతో నిండియున్నది. దానిని ఖాళీచేయించి, సున్నము వేయించి, రెండు మంచములు వేసి, పల్లెలనుండి పరీక్షకు వచ్చు గర్భిణియు, ఆమె తల్లియో అత్తయో ఒక రాత్రి నిలుచుటకు ఇయ్యవలెను. మఱునాడు ఫలితము చేత బట్టుకొని వైద్యురాలిని జూచి పోవుదురు. సీసా యెట్లు పట్టవలెనో చెప్పుటకు మహిళావిభాగమునుండి ఇద్దఱు పెద్దముత్తైదువలు వంతులవారీగ వచ్చుట కంగీకరించిరి. పరీక్షావ్యయము భరింపలేనివారికి ప్రత్యేకనిధి యుండవలెను. వారి పేర్లు ఏ పుస్తకములోను అచ్చువేయరాదు, ఈ సంచికలో గూడ. దాతల పేర్లు వేసికొనుడు.

ఈ యేటి సభకు శాలువలకును, పూలమాలలకును అయిన మొత్తము కోశాధికారిగారి చిట్టాలో నున్నది, చూచితిని. అంత మొత్తమే వచ్చే యేడు ఈ నిధికి జమకట్టునట్లు రేపటి కార్యనిర్వాహకవర్గ సమావేశమున తీర్మానము ప్రతిపాదింపబోవుచున్నాను, బలపఱచువారు కావలెను. నా వంతు 1,116 రూపాయలు ఈ యుదయమే కోశాధికారిగారి కొప్పగించి రసీదు పుచ్చుకొంటిని. గది తాళపుచెవి వసతిగృహాధికారి యొద్దనున్నది.